ఆ చివరి మాటకు నేను ఆజ్ఞ ఇవ్వను

అధ్యక్షస్థానంలో ఉన్న మన సైనిక శిక్షణ కేంద్రం కమాండెంట్ కర్నల్ క్వాన్సా గారికి, నా గురించి ఉన్నవీ లేనివీ కలిపి అంత తియ్యగా మాట్లాడి నన్ను ఎటు చూడాలో తెలియకుండా చేసిన పాస్టర్ మేజర్ బోట్వే గారికి, ఇమామ్ కెప్టెన్ సీదూ గారికి, వేరుశనగ సూపు వాసనతో నా ప్రసంగాన్ని మొదలవకముందే ఓడించిన వంటశాల పెద్ద ఎసీ ఆంటీకి, సార్జంట్ల మెస్సులోని నా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, కేప్ కోస్ట్ నుంచి బస్సులో నడుం విరగ్గొట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్న మా అమ్మకూ, వడ్డన కోసం వెనక గోడ దగ్గర నిలబడ్డ రిక్రూట్లకూ, మీ సార్జంట్ మేజర్ ఎఫువా అమిస్సా నమస్కరిస్తోంది. ఏయ్, గోడ దగ్గరున్నవాళ్ళూ, కాళ్ళు మార్చుకుంటున్నారేం? నేను రిటైరయ్యేది రేపు మధ్యాహ్నం. ఇంకా టైముంది. (నవ్వులు)

పాస్టర్ గారు నన్ను తల్లి అన్నారు, దీపం అన్నారు, ఇంకేదో కూడా అన్నారు. వెనకాల మీరంతా పెట్టిన అసలు పేరు మాత్రం ఆయన చెప్పలేదు. నాకు తెలుసులెండి. హర్మటాన్. ఉత్తరం నుంచి వచ్చి పెదాలు పగలగొట్టి, కళ్ళల్లో దుమ్ము కొట్టిపోయే ఆ ఎండుగాలి పేరు పెట్టారు నాకు. ఆ గాలి ఏడాదికోసారే వస్తుంది, నేను రోజూ తెల్లారేసరికి మీ బ్యారక్ గుమ్మంలో ఉండేదాన్ని. పాపం, ఆ గాలికే అన్యాయం చేశారు. (నవ్వులు)

రేపటి సంగతి మీకందరికీ తెలిసిందే. పొద్దున్న కొత్త బ్యాచ్ ప్రమాణం చేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ ప్రమాణాన్ని ముక్కముక్కగా చదివేది నేనే, ఆ పిల్లలు నా వెనకే పలుకుతారు. అది అయిపోగానే నన్ను జీపెక్కించి, ముందు తాళ్ళు కట్టి, మీరంతా చేతులతో లాగి, పెద్ద గేటు దాటించి పంపిస్తారు. మన అసాంక్వా కొండ మీద ఇది పాత ఆచారం. దానికో నియమం కూడా ఉంది. ఒట్టు వేసిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ తాడు మీద పడకూడదు. నాకు ముందున్న సార్జంట్ మేజర్‌ని లాగేటప్పుడు ఊళ్ళోంచి వచ్చిన ఆయన సొంత చెల్లెలి మొగుడు సరదాపడి తాడు పట్టుకున్నాడు. ఆ ముసలాయన జీపులోంచే గర్జించాడు. "ఒరేయ్, వదులు! నువ్వు నా చెల్లెల్ని చేసుకున్నావు గానీ దేశానికి ఒట్టేశావట్రా?" అన్నాడు. ఆ చెల్లెలి మొగుడు తాడు వదిలి, ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఎసీ ఆంటీ, నువ్వే కదా బతిమాలి తినిపించింది? (ఎసీ ఆంటీ: "వాడు బతిమాలితే గానీ తినే రకం కాదమ్మా!" నవ్వులు)

ప్రమాణం మాట వచ్చింది కాబట్టి ఆ నల్లట్టల కథ కూడా చెప్పేస్తాను, మళ్ళీ చెప్పే అవకాశం రాదు. మన దగ్గర ఎప్పుడూ రెండే వరసలు. బైబిల్ పట్టుకునే వరస, ఖురాన్ పట్టుకునే వరస. ఒకసారి బ్యాచ్ పెద్దదైపోయింది, బైబిళ్ళు చాల్లేదు. కమాండెంట్ వచ్చే టైమైంది. అప్పటి స్టోర్ కీపర్ పరిగెత్తుకెళ్ళి, అదే సైజులో నల్లట్టలున్న పుస్తకాలు తెచ్చి చేతుల్లో పెట్టేశాడు. బైబిల్ వరస చివరనున్న ఆ పిల్లలు గుండెల మీద పెట్టుకుని, కన్నీళ్ళు పెట్టుకుని మరీ ప్రమాణం చేసింది డ్రిల్ పుస్తకం మీద! (పెద్ద నవ్వులు) నవ్వకండి, వాళ్ళల్లో ఒకాయన ఈ రోజు బ్రిగేడియర్. పేరు చెప్పను. ఆయన నడక చూస్తే మీకే తెలుస్తుంది. ఆ పిల్లల ఒట్టు నిలబడింది. ఎందుకంటే చేతిలో ఏముందన్నది వాళ్ళు చూసుకోలేదు, లోపల ఉన్నదాన్ని నమ్మి పలికారు.

సరే. నవ్వారు కదా. ఇప్పుడు నవ్వు రాని సంగతి. కర్నల్ గారూ, ఇది మీకు నచ్చదని తెలుసు. అయినా రేపు జీపెక్కాక చెప్పడానికి నాకు నోరుంటుంది గానీ, వినడానికి మీకు అవసరం ఉండదు. అందుకే ఇవాళే చెబుతున్నాను. (సభలో కదలిక)

ఆ రెండు వరసల్లో దేనికీ చెందనివాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఉత్తరాది పిల్లలు, తాతల దారిలో నడిచేవాళ్ళు, ఏ దారీ లేదనుకునేవాళ్ళు. వాళ్ళని మనం ఎప్పుడూ ఏమీ అడగలేదు. బైబిల్ వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందులోకి నెట్టేస్తాం. పొడుగు వరసలో ఒకరిద్దరు ఎక్కువైతే ఎవరికి కనబడుతుంది? వాళ్ళూ నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. ఎవరూ కాదనలేదు కాబట్టి అదే పద్ధతి అనుకున్నాం. ఈసారి ఒకమ్మాయి కాదంది. పేరు అపోకా అయింబిలా. ఉత్తరాన బోల్గా పట్నం అవతల, సరిహద్దు దగ్గరి పల్లె. అవతల నుంచి తుపాకులవాళ్ళు వచ్చి వాళ్ళ మేనత్త ఊరి సంత తగలబెట్టారట. మర్నాడు లారీలో దిగిన సైనికుల్లో ఒక ఆడమనిషి హెల్మెట్ తీసి నీళ్ళు తాగుతుంటే చూసి, నేనూ ఇదే అవుతానని అక్కడే అనుకుందట. తుపాకీ గురిలో ఈ బ్యాచ్ మొత్తంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు. సార్జంట్ తెత్తే, నువ్వే కదా మొన్న ఆ పిల్ల గురి మీద నాతో పందెం కాసి ఓడిపోయావు? అవును, తల దించుకో.

ప్రమాణం రిహార్సల్ మొదటి రోజు. నేను చదువుతున్నాను, వాళ్ళు పలుకుతున్నారు. దేశానికి విధేయత, పలికారు. రాజ్యాంగానికి విధేయత, పలికారు. ప్రాణం పోయినా విధి వదలను, పలికారు. చివరి ముక్క, "దేవుడు నాకు తోడై ఉండుగాక". అంతమంది నోళ్ళల్లో ఒక నోరు మూసుకుని ఉంది. నేను నేరుగా ఆ పిల్ల ముక్కు ముందుకెళ్ళి నిలబడ్డాను.

"పిల్లా, నీ నోరెక్కడ పారేసుకున్నావే?"

"ఉంది మేడమ్."

"ఉంటే చివరి ముక్క ఏమైంది? మింగేశావా?"

"అది నాది కాదు మేడమ్."

"నీది కాకపోతే ఎవరిదే? మా అమ్మమ్మదా?"

"మీది మేడమ్. మీరు నమ్ముతారు, మీరంటే దానికి బరువుంటుంది. నేనంటే ఉండదు."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఎండలో మైదానం చుట్టూ పరిగెత్తించాను. పరిగెత్తింది. వచ్చి మళ్ళీ అదే జాగాలో నిలబడింది, ఊపిరి కూడా సర్దుకోలేదు, "చెప్పమంటారా మేడమ్?" అంది. చెప్పమన్నాను. వాళ్ళ తాత ఆ ఊరి భూమికి పెద్ద. విత్తనం వెయ్యాలన్నా, శవాన్ని పాతాలన్నా ఆయన్ని అడగాల్సిందే. వాళ్ళల్లో ఒట్టు అంటే వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని మాట చెప్పడం. "మట్టి మింగి మాట తప్పినవాణ్ణి మా ఊళ్ళో నేను చూళ్ళేదు మేడమ్. తప్పితే ఆ మట్టే వాడి సంగతి చూస్తుందని మా భయం. మీ దేవుణ్ణి నేను ఏమీ అనడం లేదు. ఆయన నాకు తెలీదు, అంతే. తెలియనాయన మీద ఒట్టేస్తే అది ఒట్టు కాదు, గాలి. రేపు కాల్పుల్లో నేను వెనక్కి పరిగెడితే మీరు నన్నేమనగలరు? నేను ఒట్టే వెయ్యలేదు కదా. అలాంటి ఒట్టు మీకెందుకు మేడమ్?" అంది.  

అక్కడి నుంచి కర్నల్ గారి గదికి వెళ్ళాను. సార్, మీరేమన్నారో నేను మార్చి చెప్పను. "సార్జంట్ మేజర్, అచ్చులో ఉన్న మాట అచ్చులో ఉన్నట్టే. దాన్ని మార్చడానికి నేనెవర్ని, నువ్వెవరు? చెబితే సైనికురాలు, చెప్పకపోతే ప్రమాణం రోజు మధ్యాహ్నం ట్రంకు పెట్టెతో వెనక గేటు." మీకు మీ పైవాళ్ళున్నారు, అది నాకు తెలుసు. మీరు చెడ్డమనిషి కారు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులని విని హాస్పిటల్‌కి మీ కారు పంపించారు, అది నేను చచ్చేదాకా మరిచిపోను. కానీ ఈ సంగతి వేరు.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. పాస్టర్ గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు, "పెదాలు కదిపితే చాలమ్మా, దేవుడు అర్థం చేసుకుంటాడు" అని. దేవుడు అర్థం చేసుకుంటాడండీ. నేను చేసుకోను! (నవ్వులు) నిజంగా చెబుతున్నాను. ఒక పిల్ల యూనిఫారం వేసుకుని చేసే మొట్టమొదటి పని అబద్ధమాడటమా? అదీ నా ఆజ్ఞ మీద? ఇమామ్ గారు ఇంకోలా అన్నారు. "మా వరసలోకి పంపినా నేను తీసుకోను సార్జంట్ మేజర్, ఇష్టం లేని చేత్తో ముట్టుకుంటే మా పుస్తకానికి మర్యాద కాదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఇక కర్నల్ గారి కాగితాలన్నీ చూసే మన అడ్జుటెంట్ కెప్టెన్ లార్బీ గారు నవ్వుతూ ఏమన్నారంటే, "ఇవాళ మట్టి మీద అంటుంది, ఒప్పుకుంటే రేపు ఇంకొకడు మేక మీద అంటాడు" అని. కెప్టెన్ గారూ, మేక మీద ఒట్టేసి నిలబడేవాడెవడైనా ఉంటే వాణ్ణి నాకివ్వండి. పుస్తకం మీద ప్రమాణం చేసి, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి పారిపోయినవాళ్ళని వెతకలేక మన మిలిటరీ పోలీసులు చస్తున్నారు. (నవ్వులు, కొన్ని చప్పట్లు. కెప్టెన్ లార్బీ నవ్వలేదు.)

మీలో కొందరు అనుకుంటున్నారు, ఈవిడకి రిటైర్మెంట్ ముందు దేవుడి మీద నమ్మకం పోయిందని. మా అమ్మని అడగండి. మెథడిస్టు కోయిర్‌లో ఈ గొంతు లేకపోతే పాట లేవదు. నా దేవుడంటే నాకు ప్రాణం. లెబనాన్‌లో శాంతిసేనలో ఉన్నప్పుడు మా పోస్టు మీద గుండ్లు పడ్డ రోజు, ఇసుక బస్తాల వెనక పడుకుని ఆయన్ని ఎన్నిసార్లు పిలిచానో నాకే తెలీదు. అప్పుడు ఏ సార్జంట్ మేజరూ నా ముందు నిలబడి చదవలేదు. నా పక్కన ఇంకొకతను పడుకుని ఉన్నాడు. అతను ఎవర్నీ పిలవలేదు, నోరే తెరవలేదు. నేను భయంతో లేవబోతే నా బెల్టు పట్టుకుని కిందికి లాగాడు, పొగ తగ్గేదాకా వదల్లేదు. అతను దేన్ని నమ్మేవాడో నేను అడగలేదు, ఇప్పటికీ తెలీదు. నేను ఈ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది ఆ చెయ్యి వల్ల. నాకు అపోకాని చూస్తే అతనే గుర్తొస్తాడు.

అందుకే, సార్, ఆలోచించి నిర్ణయించుకున్నాను. దొంగచాటుగా చెయ్యడం నాకు రాదు, మీ వెనక చెయ్యడం అసలు రాదు, అందుకే అందరి ముందూ చెబుతున్నాను. రేపు పొద్దున్న నేను ప్రమాణం చదువుతాను. దేశం అంటాను, రాజ్యాంగం అంటాను, ప్రాణం పోయినా అంటాను. వాటికి ఆజ్ఞ ఇచ్చే హక్కు నాకుంది, అవి దేశం నా చేతికిచ్చిన మాటలు. అక్కడ ఆగిపోతాను. ఆ చివరి మాటకు నేను ఆజ్ఞ ఇవ్వను. అచ్చులోంచి దాన్ని కొట్టెయ్యమని నేను అనడం లేదు. దేవుడున్నవాళ్ళకి ఆయన్ని పిలవడానికి నా గొంతు అక్కర్లేదు, వాళ్ళే పిలుచుకుంటారు, గట్టిగా పిలవనివ్వండి. లేనివాళ్ళని నోరు మూసుకుని నిటారుగా నిలబడనివ్వండి.

అది కుదరదంటే చదవడానికి ఇంకొకరిని చూసుకోండి. ఇదిగో, నా కర్ర. (ఆమె తన డ్రిల్ కర్రను కమాండెంట్ ముందు బల్ల మీద పెట్టారు.) కానీ కర్ర పోతే నేను జీపెక్కను. తాళ్ళొద్దు, బ్యాండొద్దు. ఆ పిల్ల ట్రంకు పెట్టెకి రెండు పిడులున్నాయి. ఒకటి ఆ పిల్ల పట్టుకుంటుంది, ఒకటి నేను పట్టుకుంటాను. ఇద్దరం వెనక గేటు నుంచి పోతాం.

(ముందు వరసలోంచి ఆమె తల్లి: "ఎఫువా! చాలు, ఇంక కూర్చో. పెద్దాయన ముందు ఏమిటా మాటలు!")

అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. నువ్వే కదా నాకు నేర్పింది, లోపల లేనిది బయట పలకొద్దని. చిన్నప్పుడు ఆ మాట మీదే ఎన్ని చెంపదెబ్బలు తిన్నాను నీ చేత? ఇప్పుడు మానమంటే ఎలా మానతాను?

(కమాండెంట్ నీళ్ళ గ్లాసు పక్కకి జరిపి అడిగారు: "ఆ అమ్మాయి ఎక్కడుంది?")

మీ వెనకే ఉంది సార్. సూపు గిన్నె పట్టుకుని. అపోకా, ముందుకి రా. గిన్నె కింద పెట్టక్కర్లేదు, వచ్చెయ్. భయపడకు. భయపడితే పడు, నడక మాత్రం సరిగ్గా నడువు.

(కమాండెంట్: "రిక్రూట్ అయింబిలా. నువ్వు చివరి మాట చెప్పవు. సరే. మరి మిగతా మాటలు నువ్వు నిలబెట్టుకుంటావని నాకు పూచీ ఏంటి?")

(రిక్రూట్: "మన పరేడ్ మైదానం మట్టి సార్. రిహార్సల్ అయిన రోజు సాయంత్రమే నాలుక మీద వేసుకుని అన్ని మాటలూ చెప్పేశాను. ఒక్కదాన్నే. మీరు ఇంటికి పంపినా నా ఒట్టు పోదు సార్. మట్టి కడుపులో పడిపోయింది.")

(ఇమామ్ సీదూ తల పంకించారు. పాస్టర్ బోట్వే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.)

ఈ మాట నాకూ తెలీదు సార్. మీ ఎదుటే ఇప్పుడే వింటున్నాను. మనం ఇక్కడ కూర్చుని ఈ పిల్ల ఒట్టు వేస్తుందా వెయ్యదా అని కొట్టుకుంటున్నాం, తను ఎప్పుడో వేసేసుకుని మనకి సూపు వడ్డిస్తోంది. నాకింక చెప్పడానికేం లేదు. ఏం చేస్తారో మీ ఇష్టం.

(కమాండెంట్ లేచి నిలబడ్డారు. బల్ల మీది కర్రని కాసేపు చూశారు. దాన్ని ముట్టుకోలేదు. అడ్జుటెంట్ వైపు తిరిగారు. "లార్బీ, రేపు జీపు తాళ్ళు పట్టేవాళ్ళ పేర్లు రాశావా?" "రాశాను సార్." "రిక్రూట్ అయింబిలా పేరు కూడా చేర్చు. ముందు తాడు. కుడివైపు." కెప్టెన్ లార్బీ ఏదో అనబోయి ఆగి, "యస్ సర్" అన్నారు. కమాండెంట్ కూర్చున్నారు.)

విన్నారా? ఉండండి. ఒక్క నిమిషం. ఎసీ ఆంటీ, ఆ నీళ్ళు ఇలా ఇవ్వు.

కర్నల్ గారూ, మీరు సరే అనలేదు, మీ పైవాళ్ళు అడిగితే మీరు అనలేదనే చెబుతాను. తాడు గురించి మాత్రం అన్నారు. ఈ కొండ మీద ఎవరి చెయ్యి ఆ తాడు మీద పడొచ్చో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కర్ర నేను తీసుకుంటున్నాను. రేపు పొద్దున్న ఇది నా చేతిలోనే ఉంటుంది.

మీ అందరికీ నా కృతజ్ఞతలు. నా తిట్లు తిని నన్ను తిట్టుకోనివాళ్ళకీ, తిట్టుకున్నవాళ్ళకీ, పాస్టర్ గారికీ, ఇమామ్ గారికీ, కోపం వచ్చినా ఇక్కడే కూర్చున్న కెప్టెన్ గారికీ, మా అమ్మకీ. కర్నల్ గారికి ఇక్కడ చెప్పలేను, రేపు గేటు దగ్గర సెల్యూట్ చేసి చెబుతాను. అపోకా, ఏడవకు, సూపు ఒలుకుతోంది చూడు. రేపు తాడు పట్టుకున్నాక గట్టిగా లాగి నీ బలం చూపించకు. మెల్లగా లాగు, తల్లీ. నాకు ఆ గేటు దాటాలని తొందరేమీ లేదు.

సెలవు.